లండన్ నుంచి కోట్‌బ్రిడ్జ్ దాకా: పాత స్పీకర్లకు ప్రాణం పోసే దారి

పాత లౌడ్‌స్పీకర్ డ్రైవర్ ఎలా పాడవుతుందన్నది అది ఎక్కడ, ఏ సరుకుతో తయారైందన్నదాన్ని బట్టి ఉంటుంది. డ్రైవర్ అంటే చెక్కపెట్టె కాదు, పెట్టెకు బిగించిన అసలు మోగే భాగం. నేత మిల్లుల ఊళ్లో గుడ్డ అంచుతో చేసిన డ్రైవర్ అరవై డెబ్భై ఏళ్ల తర్వాత కూడా పలుకుతుంది. 1970లలో ఫోమ్ అంచు వేసి అమ్మినది ఇరవై ఏళ్లు తిరక్కుండానే పొడిగా రాలిపోతుంది. ప్లాస్టిక్ కోనుకు వచ్చే జబ్బులు వేరు, అసలు కాయిలే లేని స్పీకర్‌కు వచ్చేవి వేరు. లండన్‌లో రైలెక్కి, యార్క్‌షైర్ మీదుగా స్కాట్లాండ్‌లోని కోట్‌బ్రిడ్జ్ దాకా వెళ్తే ఈ రకాలన్నీ వరసగా తగులుతాయి. ఇరవయ్యో శతాబ్దంలో పేరు మోసిన బ్రిటిష్ స్పీకర్ కంపెనీలు కొన్ని ఈ దారి పొడవునా, దానికి కాస్త అటూ ఇటూ పుట్టాయి.

దారి సౌత్ కెన్సింగ్టన్‌లో మొదలుపెట్టడం మేలు. స్టేషన్ నుంచి నేల కింద పలకలు పరిచిన పొడవాటి నడవా ఒకటి సైన్స్ మ్యూజియం వైపు తీసుకెళ్తుంది. ఈ మ్యూజియంలో రేడియో విభాగం బాధ్యత చూసిన రోడరిక్ డెన్‌మన్ 1929 ప్రాంతంలో 27 అడుగుల పొడవున్న హార్న్ ఒకటి కట్టించాడు. దాని నోరు చతురస్రం, ఒక్కో భుజం 7 అడుగుల పైమాటే. సందర్శకులకు బీబీసీ ప్రసారాలు దాని గుండా వినిపించేవారు. 1949లో కట్టడం కూల్చే పనుల్లో అది నలిగిపోయింది, గొంతు వైపున్న 9 అడుగుల లోహపు ముక్క మాత్రం మిగిలింది. 2014లో ధ్వని కళాకారుడు అలెక్స్ కోల్కోవ్‌స్కీ, మ్యూజియం వర్క్‌షాప్ పనివాళ్లు కలిసి మిగతా 18 అడుగులను ఫైబర్‌గ్లాస్‌తో పోతపోసి దాన్ని మళ్లీ పలికించారు. మిగిలిన పాత ముక్కను పారేసి మొత్తం కొత్తగా కట్టడమే సులువుగా ఉండేది. అలా చేయలేదు. చెడిపోయిన పాత డ్రైవర్‌ను బాగుచేయడంలో మంచి పనివాడు పాటించే పద్ధతి కూడా ఇదే: ఉన్నదాన్ని ఉంచి, లేనిదాన్ని మాత్రమే చేర్చడం.

ఆ హార్న్ గొంతు దగ్గర కూర్చునేది వెస్టర్న్ ఎలక్ట్రిక్ 555. బెల్ ల్యాబ్స్‌లో వెంటే, థురాస్ రూపొందించిన ఈ డ్రైవర్ 1926లో టాకీ సినిమాల కోసం వచ్చింది. దాని కాయిల్‌ను గుండ్రటి తీగతో కాకుండా అల్యూమినియం పట్టీని అంచు మీద నిలబెట్టి చుట్టారు. దానికి శాశ్వత అయస్కాంతం లేదు, 7 వోల్టుల డీసీ కరెంటుతో పనిచేసే విద్యుదయస్కాంతం ఉంది. బలమైన శాశ్వత అయస్కాంతాలు చవకగా దొరకని ఆ రోజుల్లో ఇళ్లలోని వాల్వు రేడియోల స్పీకర్లు కూడా ఈ పద్ధతివే. ఈ ఫీల్డ్ కాయిల్‌కు తేమ తగిలితే వెంట్రుకంత సన్నని రాగి తీగ ఏదో ఒకచోట పచ్చగా చిలుమెక్కి తెగుతుంది. కొలిచినప్పుడు మీటరు కదలకపోతే దాన్ని విప్పి, చుట్లు లెక్కపెట్టి, అదే మందం తీగతో మళ్లీ చుట్టడమే దారి. ఆ తంటా ఎందుకని స్పీకర్ తీసేసి శాశ్వత అయస్కాంతమున్నది పెట్టేవాళ్లున్నారు. రేడియోలో ఆ ఫీల్డ్ కాయిలే విద్యుత్ సరఫరాను నునుపు చేసే చోక్‌గా కూడా పనిచేసేది. అది పోతే దాని బదులు చోకో రెసిస్టరో వేయక తప్పదు.

లండన్ దక్షిణ శివారు వెస్ట్ నార్‌వుడ్‌కు విక్టోరియా నుంచి లోకల్ రైలుంది. గై ఫౌంటెన్ 1926లో మొదలుపెట్టిన కంపెనీ టానాయ్‌గా పేరు తెచ్చుకుని చాలాకాలం ఇక్కడే సాగింది. 1947లో వచ్చిన దాని డ్యూయల్ కాన్సెంట్రిక్ డ్రైవర్ పాత స్పీకర్ల ప్రియులు ఇప్పటికీ వెతికే వస్తువు. దాని మొదటి రకం మానిటర్ బ్లాక్ తర్వాత 1953లో సిల్వర్, 1957లో రెడ్, 1967లో గోల్డ్ వచ్చాయి. పెద్ద కాగితపు కోను వెనక అయస్కాంతం, ఆ అయస్కాంతం వెనక కీచు స్వరాలు పలికే చిన్న డయాఫ్రమ్ ఉంటాయి. చిన్నదాని శబ్దం అయస్కాంతం మధ్యలోని రంధ్రం గుండా ముందుకు వస్తుంది. దానికి హార్న్ చివరి భాగం పెద్ద కోను ఒంపే. అంటే కోను మారితే మంద్రం ఒక్కటే కాదు, తారస్థాయి కూడా మారుతుంది. ఇలాంటి డ్రైవర్‌కు ఏదో ఒక కోను తెచ్చి అంటించడం ఎందుకు తప్పో వేరే చెప్పనక్కర్లేదు.

ఏ డ్రైవర్‌కైనా లోపలి కట్టు దాదాపు ఒకటే. కోను మెడకు వాయిస్ కాయిల్ అంటించి ఉంటుంది. ఆ కాయిల్ అయస్కాంతంలోని సన్నని వలయాకారపు సందులో ముందుకూ వెనక్కూ కదలాలి. కాయిల్‌కు రెండు వైపులా ఉండే ఖాళీ మిల్లీమీటరులో కొన్ని పదో వంతులే. అది పక్కకు ఒరగకుండా లోపల ముడతల గుడ్డ స్పైడర్, బయట అంచు సరౌండ్ పట్టి ఉంచుతాయి. నడుమ దుమ్ము పడకుండా డస్ట్ క్యాప్ ఉంటుంది. జబ్బు ఎక్కడుందో కనిపెట్టడానికి ముందుగా కావలసింది కళ్లూ ముక్కూ వేళ్లూ. కాయిల్ మీద వార్నిష్ కాలితే ఆ వాసన ఏళ్ల తరబడి పోదు. రెండు చేతుల వేళ్లు ఎదురెదురుగా ఆనించి కోనును సమానంగా, మెల్లగా నొక్కితే రాపిడి ఉన్నదీ లేనిదీ చేతికే తెలుస్తుంది. ఒక వైపే నొక్కితే ఆరోగ్యంగా ఉన్న కాయిల్ కూడా రాసుకుంటుంది, ఆ పరీక్షను నమ్మకూడదు. తర్వాత మల్టీమీటరు. 8 ఓముల డ్రైవర్ డీసీ మీద సుమారు ఆరు ఓములు చూపించాలి. ఆ తర్వాత 1.5 వోల్టుల బ్యాటరీ ఒక్క క్షణం తగిలిస్తే కోను ముందుకో వెనక్కో కదులుతుంది, ధ్రువత కూడా దాంతోనే తేలిపోతుంది.

మీటరు అసలు కదలకపోతే కాయిల్ కాలిపోయిందని వెంటనే తీర్పు చెప్పేయకూడదు. చాలాసార్లు కాయిల్ నిక్షేపంగా ఉంటుంది. తెగింది టెర్మినల్ నుంచి కోను దాకా వేలాడే అల్లిక తీగ, లేదా ఆ తీగ కాయిల్ రాగితో కలిసే టాకా. కోను మీద ఆ టాకాను కప్పిన జిగురు చుక్కను అసిటోన్‌తో మెత్తబరిచి తీస్తే తెగిన చోటు బయటపడుతుంది. వేలెడంత తీగతో పోయే జబ్బుకు మొత్తం కోనును కోసేసిన డ్రైవర్లు లోకంలో లెక్కలేనన్ని.

కాయిల్ నిజంగానే కాలిపోతే పని పెద్దది. పాత జిగుర్లు ఎక్కువగా సెల్యులోజ్ రకాలు కాబట్టి అసిటోన్‌కు లొంగుతాయి. ఓపికగా తడుపుతూ పోతే స్పైడర్, కోను చిరగకుండా విడిపోతాయి. పాత కాయిల్‌ను పారేసే ముందు చుట్లెన్ని, ఎన్ని వరసలు, తీగ మందమెంత, చుట్టిన మేర పొడవెంత, ఏ దిశలో చుట్టారు అన్నవన్నీ రాసుకోవాలి. కొత్త తీగ కాస్త మందమైనా కాయిల్ సందులో ఇరుక్కుంటుంది. చుట్టిన మేర పొడవు పెరిగితే స్పీకర్ గొంతు తగ్గుతుంది.

కాయిల్ బాగుండి రాపిడి మాత్రం వినిపిస్తే తప్పు సందులో ఉన్నట్టు. తుప్పు, ఇనుప రజను, ఊడిన లోహపు పూత అక్కడ చేరతాయి. అయస్కాంతం వాటిని వదలదు కాబట్టి గాలి ఊదితే పోవు. గట్టి కాగితం ముక్కకు అంటుకునే టేపును జిగురు పైకి వచ్చేలా చుట్టి, సందు వెంట తిప్పుతూ తీయాలి. శుభ్రం చేయడం కోసం అయస్కాంతాన్ని విప్పడం మాత్రం ప్రమాదం. ఆ కాలపు డ్రైవర్లలో ఉండేది అల్నికో, అంటే అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన ఇనుము. దాని చుట్టూ ఉన్న ఇనుప వలయాన్ని తెరిస్తే చాలు, బలం కొంత పోతుంది. మళ్లీ బిగించినా అది తిరిగి రాదు. పెద్ద కెపాసిటర్ల నుంచి ఒక్కసారిగా కరెంటు వదిలే యంత్రంతో అయస్కాంతాన్ని ఉన్నచోటే తిరిగి నింపాలి. ఆ యంత్రం ఉన్న వర్క్‌షాపులు తక్కువ.

లండన్‌కు ఆగ్నేయాన కెంట్‌లో మెయిడ్‌స్టోన్ ఉంది. ఉత్తరాదికి పోయేవారికి ఇది పక్కదారి, వెళ్లినా సగం పూటలో తిరిగి రావచ్చు. రేమండ్ కుక్ 1961లో అక్కడి టోవిల్‌లో కెఫ్ కంపెనీ పెట్టి కాగితానికి బదులు పాలిస్టైరీన్, బెక్స్‌ట్రీన్ లాంటి ప్లాస్టిక్కులతో కోనులు చేశాడు. వాటికి తేమ భయం లేదు, పురుగు తినదు. కానీ పగిలితే కాగితంలా అతుకు పడదు, పైగా తప్పు ద్రావకం తగిలితే కోనే కరుగుతుంది. అసిటోన్ సీసా ఈ డ్రైవర్ల దరిదాపులకు రాకూడదు.

లండన్ కింగ్స్ క్రాస్ నుంచి ఉత్తరానికి వెళ్లే రైలు మార్గంలో గంట ప్రయాణానికి హంటింగ్‌డన్ వస్తుంది. పీటర్ వాకర్ కంపెనీ రెండో ప్రపంచ యుద్ధకాలంలో లండన్ వదిలి ఇక్కడికి వచ్చింది. 1957లో క్వాడ్ ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్ ఈ ఊరి నుంచే అమ్మకానికి వెళ్లింది. దానికి కోనూ లేదు, కాయిలూ లేదు. రంధ్రాల పలకల మధ్య బిగించిన పలచని ప్లాస్టిక్ పొర కొన్ని వేల వోల్టుల ఆవేశంతో కదులుతుంది. దుమ్ము చేరినా, వాల్యూం మితిమీరినా నిప్పురవ్వ లేచి పొరకు చిల్లు పడుతుంది. పొర మార్చి, మళ్లీ బిగువుగా లాగి, పైన వాహక పూత పూయాలి. మంత్రగాడి పనిలా కనిపించినా ఇందులో ఉన్నది శుభ్రత, ఓపిక. స్విచ్చి ఆపిన తర్వాత కూడా లోపల ప్రమాదకరమైన వోల్టేజీ నిలిచి ఉండొచ్చు కాబట్టి అనుభవం లేనివారు మూత తీయకపోవడమే మంచిది.

యార్క్‌షైర్‌లోని లీడ్స్ చేరాక దారి రెండుగా చీలుతుంది. ఒక రైలు ఏర్ నది లోయ వెంట సాల్టెయిర్ మీదుగా పోతుంది. అక్కడ 1853లో తెరిచిన ఉన్ని మిల్లు, దాని కార్మికుల కోసం కట్టిన ఊరు ఇప్పుడు యునెస్కో వారసత్వ స్థలం. రెండోది వార్ఫ్ నది లోయలోని ఇల్క్‌లీకి పోతుంది, ప్రయాణం అరగంట. బట్టల ఎగుమతి వ్యాపారంలో ఉన్న గిల్బర్ట్ బ్రిగ్స్ ఆ వ్యాపారం మందగించిన రోజుల్లో, 1932లో, ఇల్క్‌లీలోని తన ఇంటి నేలమాళిగలో మొదటి స్పీకర్ చేశాడు. ఆ లోయ పేరే, వార్ఫ్‌డేల్ అని, కంపెనీకి పెట్టుకున్నాడు. మరుసటి ఏడాది బ్రాడ్‌ఫర్డ్ రేడియో సొసైటీ పోటీలో మొదటి, రెండో బహుమతులు రెండూ ఆయన స్పీకర్లకే వచ్చాయి. యుద్ధం తర్వాత ఫ్యాక్టరీ బ్రాడ్‌ఫర్డ్ శివారు ఐడిల్‌లో సాగింది. 1954లో లండన్ రాయల్ ఫెస్టివల్ హాల్లో సంగీతకారులను వేదిక మీద వాయింపజేసి, అదే సంగీతాన్ని రికార్డు నుంచి స్పీకర్లలో వినిపించి రెంటినీ పోల్చుకొమ్మన్నాడు. మరుసటి ఏడాది న్యూయార్క్ కార్నెగీ హాల్లో కూడా ఆ ప్రదర్శన జరిగింది. 1958లో కంపెనీ ర్యాంక్ సంస్థ చేతికి పోయింది.

వార్ఫ్‌డేల్ డ్రైవర్ల మీద సూపర్ 12 సీఎస్/ఏఎల్ లాంటి గుర్తులుంటాయి. సీఎస్ అంటే గుడ్డ అంచు, ఏఎల్ అంటే అల్యూమినియం కాయిల్, ఎఫ్ఎస్ అని ఉంటే ఫోమ్ అంచు. మరమ్మతు చేసేవాడికి ఈ అక్షరాలే జాతకం. సీఎస్ డ్రైవర్లలో చాలావాటికి అంచు ఇంకా నిలిచి ఉంటుంది. బట్టల బేరం తెలిసిన మనిషి గుడ్డను ఎంచుకోవడంలో పొరబడలేదనే అనుకోవాలి. ఏఎల్ గుర్తున్నచోట మాత్రం టాకాల మీద అనుమానం పెట్టుకోవాలి. అల్యూమినియంకు మామూలు సీసం టాకా సరిగా పట్టదు, పట్టినా ఏళ్లు గడిచేకొద్దీ అతుకు పాడవుతుంది.

ఈ డ్రైవర్లలో దెబ్బతినేది కాగితపు కోను. పెట్టె తరలించేటప్పుడు స్క్రూడ్రైవర్ జారి చిల్లు పడుతుంది, పైకప్పు కారి తడుస్తుంది, పురుగులు కొరుకుతాయి. అంతకంటే ఎక్కువ నష్టం పాత మరమ్మతులు చేసినదే: సెలోటేపు, గోళ్ల రంగు, సైకిల్ ట్యూబు సొల్యూషన్. ముందు వాటిని మెల్లగా ఊడదీయాలి. చిరుగు అంచుల్ని యథాస్థానంలో కలిపి, వెనక వైపు నుంచి పొడవాటి నారలున్న పలచని జపాన్ కాగితాన్ని గోధుమ పిండి జిగురుతోనో, నీళ్లు కలిపిన తెల్ల జిగురుతోనో అంటించాలి. ఆ కాగితాన్ని కత్తిరించకూడదు, చేత్తో చింపాలి. చింపిన అంచున నారలు విచ్చుకుని కోనులో కలిసిపోతాయి, కత్తిరించిన అంచు మెట్టులా నిలుస్తుంది. ముక్క పోయి పెద్ద రంధ్రం మిగిలితే, పాత కోను ముక్కల్ని నీళ్లలో నానబెట్టి గుజ్జు చేసి పూడ్చవచ్చు. జిగురు ఎంత తక్కువైతే అంత మంచిది. పన్నెండంగుళాల కోను, కాయిల్ కలిపి తూగేది కొన్ని పదుల గ్రాములే. రెండు మూడు గ్రాముల జిగురు చేరినా స్వరం కిందికి జారుతుంది, గొంతు తగ్గుతుంది. మరమ్మతుకు ముందూ తర్వాతా చిన్న త్రాసు మీద జిగురు, కాగితం తూచుకునే అలవాటు అందుకే.

మొత్తం కోను మార్చడాన్ని రీకోనింగ్ అంటారు. తెలుగు ఊళ్లలో మైకు సెట్లు, డీజే పెట్టెలు నడిపేవారికి ఇది పరిచయమైన పని. కోను, కాయిల్, స్పైడర్ ఒకేసారి కొత్తవి వేయించుకుంటారు, రాత్రి ఊరేగింపుకు స్పీకర్ సిద్ధం. అక్కడ అదే సరైన నిర్ణయం, ఎందుకంటే ఆ స్పీకర్‌తో పని గట్టిగా మోగడమే. 1957 నాటి డ్రైవర్‌కు అదే వైద్యం చేస్తే మిగిలేది పాత చట్రం, పాత అయస్కాంతం, కొత్త స్పీకర్. డ్రైవర్ స్వరాన్ని ఎక్కువగా నిర్ణయించేది కోను కాగితమే. దాని నారలు, మందం, వాలు, అంచున పూసిన రసాయనం, అన్నీ అందులో భాగమే. సగం చిరిగిన అసలు కోను కొత్త నకలు కంటే విలువైనది. సగానికి పైగా పోయినప్పుడు మాత్రమే రీకోనింగ్ మాట ఎత్తాలి. అలా చేసిన డ్రైవర్‌ను అమ్మేటప్పుడు ఆ సంగతి దాచడం మోసమే.

లీడ్స్ నుంచి గ్లాస్గో, అక్కడ క్వీన్ స్ట్రీట్ నుంచి లోకల్ రైల్లో కోట్‌బ్రిడ్జ్. పందొమ్మిదో శతాబ్దంలో ఇనుప కొలిముల పొగతో నిండిన ఊరిది. ఆ చరిత్రంతా సమర్లీ పారిశ్రామిక మ్యూజియంలో చూడవచ్చు. 1974లో టానాయ్ అమెరికాకు చెందిన హర్మన్ సంస్థ చేతికి వెళ్లింది. ఆ దశకంలోనే తయారీ వెస్ట్ నార్‌వుడ్ నుంచి ఈ ఊరికి తరలింది. గోల్డ్ తర్వాత 1974లో వచ్చిన హెచ్‌పీడీ వరసలో కోను వెనక గట్టిదనానికి పక్కటెముకల్లాంటి పట్టీలు అంటించారు, అంచుకు ఫోమ్ వేశారు. వినడానికి మంచి డ్రైవరే. కానీ దాని ఆయువు ఆ ఫోమ్ చేతిలో పడింది. పాలీయురేతేన్ ఫోమ్‌ను గాలిలోని తేమ, ఆక్సిజన్ మెల్లగా విడగొడతాయి. మొదట జిగటగా మారుతుంది, తర్వాత వేలు తగిలితే రాలుతుంది. విశాఖ, మచిలీపట్నం లాంటి తీరపు ఊళ్ల ఉక్కలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది, డ్రైవర్‌ను వాడకుండా అటక మీద దాచినా ఆగదు. అంచు రాలిన డ్రైవర్‌ను మోగిస్తే కాయిల్ ఒరిగి సందు గోడకు రాసుకుంటుంది, చవకలో పోయే జబ్బు కాయిల్ దాకా పాకుతుంది.

ఫోమ్ మార్చడం మరమ్మతులన్నింటిలో తేలికైనది, అందుకే నిర్లక్ష్యంగా చేసేవాళ్లు ఎక్కువ. పాత ఫోమ్ జిగటను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, కాగితం తడిసి ముద్దకాకుండా, కొంచెం కొంచెంగా తుడిచి తీయాలి. కొత్త అంచు వ్యాసం ఒక్కటే సరిపోతే చాలదు, దాని ఒంపు, మెత్తదనం కూడా పాతదాన్ని పోలాలి. ఫోమ్ బదులు రబ్బరు వేస్తే వంద ఏళ్లుంటుందని చెప్పే దుకాణాలున్నాయి. రబ్బరు బరువెక్కువ, స్వభావం వేరు. ఫోమ్‌తో రూపొందిన డ్రైవర్‌కు ఫోమే వేయాలి, మళ్లీ రాలితే మళ్లీ మార్చాలి. ముందు అంచును కోనుకు అంటించి ఆరనివ్వాలి. తర్వాత కాయిల్‌ను సందు మధ్యలో నిలిపి చట్రానికి అంటించాలి. మామూలు డ్రైవర్లలో డస్ట్ క్యాప్ తీసి కాయిల్ లోపల సన్నని ప్లాస్టిక్ పట్టీలు దూర్చి నిలుపుతారు. క్యాప్ తీయడం ఇష్టం లేకపోతే 20, 30 హెర్ట్జ్ స్వరాన్ని తక్కువ స్థాయిలో ఇచ్చి, జిగురు పచ్చిగా ఉండగానే రాపిడి మాయమయ్యే చోటుకు కోనును జరపవచ్చు.

కోట్‌బ్రిడ్జ్ డ్రైవర్లలో మరో మార్పు 1970ల చివర వచ్చింది. ఆఫ్రికాలోని జైర్‌లో 1978 నాటి షాబా యుద్ధంతో కోబాల్ట్ ధర విపరీతంగా పెరిగింది. స్పీకర్ పరిశ్రమ అంతటా అల్నికో స్థానంలోకి ఫెర్రైట్ వచ్చింది. ఫెర్రైట్ బలం అంత తేలిగ్గా కోల్పోదు, కానీ బరువైనది, పెళుసు. ఆ పెద్ద ఉంగరాన్ని ఇనుప పలకల మధ్య జిగురుతో అంటించిన డ్రైవర్లలో పెట్టె కిందపడితే అది ఒక పక్కకు జరిగి కాయిల్‌ను బిగించేస్తుంది. పలకలను జాగ్రత్తగా విడదీసి, సందులో పట్టీలు పెట్టి, మళ్లీ ఎపాక్సీతో అతకాలి. జరిగిన అయస్కాంతాన్ని సుత్తితో కొట్టి సర్దేవాళ్లుంటారు, ఫెర్రైట్ పింగాణీలా పగులుతుంది.

పని పూర్తయ్యాక కొలత తప్పనిసరి. నెవిల్ థీల్ 1961లో, రిచర్డ్ స్మాల్ 1970లలో ఆస్ట్రేలియాలో రూపొందించిన పద్ధతితో డ్రైవర్ అనునాద పౌనఃపున్యాన్ని, మిగతా గుణాలను ఇంట్లోనే కంప్యూటర్ సాయంతో కొలవవచ్చు. అయితే 1950ల డ్రైవర్లకు ఆ లెక్కల్లో కంపెనీ ఇచ్చిన అంకెలు ఉండవు, అప్పటికి ఆ పద్ధతే లేదు. కాబట్టి కొలమానం దాని జతే. బాగుచేసిన డ్రైవర్, చెడిపోని దాని జోడు దాదాపు ఒకే అంకెలు చూపిస్తే పని కుదిరినట్టు. కొత్త అంచు మొదట్లో బిగువుగా ఉంటుంది కనుక కొన్ని గంటలు తక్కువ స్వరంతో ఆడించి అప్పుడు కొలవాలి.

ఇంట్లో పాత రేడియోగ్రామో, స్పీకర్ పెట్టో ఉంటే దాన్ని ముందు ఆంప్లిఫైయర్‌కు తగిలించి చూడకండి. వెనక మూత తీసి అంచు చూడండి, మీటరుతో కొలవండి. ఊడిన కోను ముక్కలు, డస్ట్ క్యాప్, కంపెనీ కాగితపు చీటీ ఒక కవర్లో వేసి దాచండి. మరమ్మతు చేయిస్తే ఏ అంచు వేశారో, ఏ జిగురు వాడారో, ఏ ఏడాదో ఒక చీటీ మీద రాసి అయస్కాంతం వెనక అంటించండి. తర్వాత దాన్ని విప్పబోయేవాడికి అది కావాలి.